బంగారు కార్డు పెద్దమనిషి
జమ్మలమడుగు చర్చి సంఘపెద్ద ఎలీషా విత్తనాల కంపెనీ పనిమీద నెలకు పదిరోజులు విజయవాడలో ఒకే హోటల్లో దిగుతాడు. అందుకు హోటలువాళ్లు బంగారు రంగు కార్డిచ్చి, సాయంత్రాలు పైఅంతస్తు లాంజిలో మందు ఉచితమన్నారు. ఊళ్లో తాగుడు మానమని వాక్యం చెప్పే మనిషి. తెలిస్తే పెద్దరికం ఊడుతుంది. కానీ ఊరికే వచ్చేదాన్ని వదులుకోవాలంటే ప్రాణం ఒప్పదు. ఆరు కాగానే జేబులోని చిన్న బైబిలు గదిలో పెట్టేసి, లాంజిలో తలుపుకు వీపు తిప్పి కూర్చుంటాడు.

ఆ రోజు విస్కీ గ్లాసు ముందుకు రాగానే, చిన్నప్పటి అలవాటు కొద్దీ దానిమీద చెయ్యి చాపి, కళ్లు మూసుకుని, "మా ముందుంచిన దీనిని ఆశీర్వదించుము తండ్రీ" అని పైకే ప్రార్థించాడు. వెనక బల్ల నుంచి "ఆమేన్" వినిపించింది. తిరిగి చూస్తే తమ పక్కూరు మైలవరం సంఘపెద్ద ఫిలేమోను, చేతిలో బీరు గ్లాసుతో.

"మామా, నువ్వేంది ఈడ?" అన్నాడు ఎలీషా, దిగ్గున లేచి.

"కార్డు నాకూ ఇచ్చినారప్పా. ప్రార్థనే మరిచిపోయి సగం తాగేసినా. నీ ప్రార్థనలో నాదీ కలుపుకున్నాలే, కూచో."