ఖాళీ క్యారియర్

మా ఆయనకు ఒక జబ్బు ఉంది. పాత ఇనుము కనిపిస్తే పారేయనివ్వడు. మేం బతుకుదెరువుకు వచ్చిన టెంఘర్‌లో మా మరమగ్గాల షెడ్డు వెనక విరిగిన పళ్లచక్రాలు, వంగిన యాంగిళ్లు, తుప్పు పట్టిన నట్లు ఒక గుట్టగా పడి ఉండేవి. వానలు మొదలైతే అందులోంచి ఎర్రటి నీళ్లు మా వంటింటి గడప దాకా వచ్చేవి. తిడితే, "ఎన్నడో ఒకనాడు పనికొస్తయి" అనేవాడు. ఆ ఒకనాడు రాకపోయినా బాగుండేది.

తొంభైల చివర్లో ఆయన సెకండ్‌హ్యాండ్‌లో ఒక చిన్న కారు కొన్నాడు. నలుగురు ఎక్కితే ఊపిరి బయట పెట్టి రావాల్సినంత కారు. మేం నేసిన తాకాలు, అంటే బట్ట చుట్టలు, కాశేలి గోదాములకు చేర్చాలి. టెంపోవాడు పొద్దున వస్తానంటే సాయంత్రానికి కూడా రాడు. దాంతో ఈయనకు ఆలోచన పుట్టింది.

"మీద క్యారియర్ ఏస్తే మనమే ఏసుకపోవచ్చు" అన్నాడు.

"గా అగ్గిపెట్టె మీదనా?" అన్నాను. నా మాట వింటే ఆయన ఆయనెందుకవుతాడు? దుకాణంలో దొరికే క్యారియర్ ఆయన కంటికి ఆనలేదు. ఇనుపగుట్టలోంచి రెండు పొడుగు పైపులు లాగి, ధామన్కర్ నాకా కూడలి దగ్గర వెల్డింగ్ పనిచేసే అతనికి ఇచ్చాడు. అవి నా మరిది నడిపిన మగ్గం విప్పినప్పుడు మిగిలిన పైపులు.

మా మరిది ఒక మధ్యాహ్నం మగ్గం ఆపి, "చాయ్ తాగొస్త వదినా" అని వెళ్లాడు. మళ్లీ రాలేదు. స్టేషన్లు, ఆస్పత్రులు, ఊళ్లో చుట్టాల ఇళ్లు, వెతకని చోటు లేదు. చచ్చిపోయాడని ఎవరూ చెప్పలేదు గనుక కర్మ చేయలేదు. బతికి ఉన్నాడనీ ఎవరూ చెప్పలేదు. ఏళ్లు గడిచాక ఆ మగ్గం విప్పేశాం. ఇంట్లో అతని ఊసెత్తకుండా బతకడం అందరం నేర్చుకున్నాం. మా అత్తమ్మ ముందు అసలే ఎత్తేవాళ్లం కాదు.

అత్తమ్మకు చెవులు పోయాయి. మగ్గాల పక్కనే కాపురం చేసి, మగ్గాల పక్కనే పిల్లల్ని పెంచిన మనిషి. ఆ మోతలో మావాళ్లు గొంతుతో కాదు, పెదవులతో మాట్లాడతారు. ఎదురుగా నిలబడి పెదాలు కదిలిస్తే అవతలివాళ్లు చదివేసుకుంటారు. అత్తమ్మతో ఇంట్లో కూడా అలాగే మాట్లాడాలి. వెనక టపాకాయ పేలినా ఆమె తల తిప్పదు.

వెల్డింగ్ అతను పైపుల నోళ్లు మూస్తానన్నాడట. లోపల నీళ్లు నిలిచి తుప్పు పడుతుందని మా ఆయన వద్దన్నాడు.

మొదటిసారి తాకాలు ఎక్కించి తాళ్లతో బిగించి బయలుదేరిన రోజు అత్తమ్మ కూడా మాతో వచ్చింది. గాలి తగులుతుందని నేనే తీసుకొచ్చాను. వెళ్లేటప్పుడు ఏమీ లేదు. గోదాములో సరుకు దించి, ఖాళీ క్యారియర్‌తో తిరిగి వస్తుంటే, కాశేలి దాటాక రోడ్డు కాస్త ఖాళీ అయిన చోట, మా తలల మీద ఏదో మొదలైంది.

నోరు మూసుకుని గొంతులో తీసే ఒకే ఒక్క రాగం. పాట కాదు, ఏడుపు కాదు. మగ్గం మీద ఉన్నంతసేపూ మా మరిది తీసే కూనిరాగం అదే. గాలి, పైపుల నోళ్లలో దూరిన గాలి, అని నాకు నేనే చెప్పుకున్నాను.

అప్పుడు అత్తమ్మ కదిలింది. కిటికీ పక్క ఇనుపపట్టీకి తల ఆనించి కూర్చుని ఉన్న మనిషి నెమ్మదిగా నిటారుగా అయింది. మళ్లీ తల ఆనించింది. ఆమె ముఖంలో అలాంటి వెలుగు నేను కోడలిగా వచ్చాక చూడలేదు.

"చిన్నోడు ఎప్పుడెక్కిండే? మీద కూసున్నడేంది, లోపట జాగ లేదా?" అంది.

ఆమె ముఖం నా వైపు తిప్పుకుని, "గాలి అత్తమ్మా, ఉత్త గాలి" అని పెదాలు కదిలించాను.

"నా కొడుకు గొంతు నాకెరుక లేదా?" అని నవ్వింది. శంఖం ఊదినా వినపడని చెవులు దాన్ని ఎలా పట్టుకున్నాయో నాకు ఇప్పటికీ తెలియదు. ఎముకల్లోంచి వినిపించి ఉంటుందని ఒక డాక్టరు అన్నాడు. నేను ఆ డాక్టరుకు మొత్తం చెప్పలేదు.

ఆ రోజు నుంచి కారు తాళాలు గలగలమంటే చాలు, వినపడకపోయినా, ఎలా తెలిసేదో చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడేది. సరుకుతో వెళ్లేటప్పుడు కునికిపాట్లు పడేది. తిరుగు ప్రయాణంలో తల ఇనుముకు ఆనించి మాట్లాడేది. ఎండలో కూర్చున్నావు గదరా, ఎన్ని దినాలైందిరా తలంటుకుని, అని. మధ్యమధ్య ఆగేది, అవతలివాళ్లకు వంతు ఇచ్చినట్టు. ఆ ఆగిన క్షణాల్లో పైన రాగం కొంచెం మారేది. వినకుండా ఉండాలని నేను గట్టిగా గాజులు ఆడించుకునేదాన్ని.

ఇంట్లో అన్నం పెడితే కంచం జరిపేసేది. "వాడు దిగినంక ఇద్దరం తింటం" అనేది. బతిమాలాను, కసిరాను. చాయ్ నీళ్ల మీద బతికింది. రవికలు భుజాల మీంచి జారుతుంటే కుట్లు వేసి ఇచ్చాను. ఒకరోజు నడుస్తున్న కారులో తలుపు తెరిచి, పైకి చూడబోయింది. పక్కనే లారీ. చీర చెంగు నా చేతికి దొరికింది కాబట్టి సరిపోయింది.

ఇంటికి రాగానే మా ఆయన మీద విరుచుకుపడ్డాను. "ఏందయ్యా, మీ అవ్వను సంపుకుంటవా? గా పైపులు పీకి పారెయ్!"

మర్నాడు ఆయన షెడ్డులోంచి చిందీ గుడ్డపీలికలు తెచ్చి, నాలుగు నోళ్లలోనూ కుక్కాడు. కర్రతో లోపలికి దట్టించి, ఆ తర్వాత చాలాసేపు ఒక పైపు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. నాకు తృప్తిగా ఉండాలి. లేదు, భయమేసింది.

తర్వాతి సరుకు దించి వస్తుంటే ఇంజన్ మోత తప్ప ఏమీ లేదు. అత్తమ్మ తల ఆనించింది. ఎత్తింది. ఇటు పక్క ఆనించింది. మా ఆయన భుజం తట్టి, "ఆపురా" అంది.

దిగి క్యారియర్ మీద అరచెయ్యి వేసి ఈ కొస నుంచి ఆ కొసకు తడిమింది. తర్వాత వెనక్కి, మేం వచ్చిన రోడ్డు వైపు చూసింది.

"ఏడ దిగిండురా?"

మా ఆయన ఆమెకు ఎదురుగా వచ్చి, పెదాలు కనపడేలా ముఖం పెట్టాడు. "అవ్వా, తమ్ముడు లేడు."

ఇన్నేళ్లలో మా ఇంట్లో ఎవరూ అనని మాట అది. ఆమె ఆ పెదాలనే చూస్తూ ఉంది. ఏడుస్తుందనుకున్నాను. కొడుకు గడ్డం పట్టుకుని అడిగింది. "లేకుంటే ఈడికి రాంగనే కారెందుకు మెల్లగ నడుపుతవ్‌రా? గుంతల రోడ్డు మీద ఉరికిస్తవ్. సాపు రోడ్డు మీద మెల్లగ నడుపుతవ్. నాకు చెవులు లేవు గని కండ్లు లేవా?"

నేను అది గమనించనే లేదు. మా ఆయన ముఖం తిప్పుకున్నాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి.

ఆమె నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పు బిడ్డా. నీకు ఇనొచ్చిందా, లేదా?"

గాలి అనడానికే నోరు తెరిచాను. ఎండిపోయిన ఆ ముఖం నా పెదాల కోసం ఎదురుచూస్తోంది.

"ఇనొచ్చింది, అత్తమ్మా" అన్నాను. అబద్ధం కాదు.

ఆమె తల ఊపింది. "గంతే. ఒక్కదాన్నే అనుకున్న" అంది. వచ్చి కారులో కూర్చుంది. ఆ సాయంత్రం అన్నం అడిగి పెట్టించుకుని తిన్నది. మళ్లీ ఎన్నడూ కారు ఎక్కుతాననలేదు, కొడుకు ఊసెత్తలేదు.

గుడ్డలు పైపుల్లో అలాగే ఉన్నాయి. మేమిద్దరం తర్వాత కూడా సరుకు వేసుకుని పోతూనే ఉన్నాం. తిరిగి వచ్చేటప్పుడు కాశేలి దాటగానే ఆయన కారు మెల్లగా పోనిస్తాడు. నేను మాటలు ఆపేసి, నా వైపు ఇనుపపట్టీకి తల ఆనిస్తాను.