గుర్రం దిగిన పెళ్లికొడుకు

రెండేళ్ల కిందట, నా పెళ్లిరోజు సాయంత్రం. తెల్ల గుర్రం మీద నా బరాత్ షేక్‌పేట నుంచి ఫిల్మ్‌నగర్‌లోని ఫంక్షన్ హాలుకు బయల్దేరింది. దారిలో గుర్రం ఊరికే తల విదిలిస్తుంటే వంగి చూశాను. నోటి వెంట రక్తం! కళ్లేనికి ఇనుప ముళ్లున్నాయి. నేను పశువుల ఆసుపత్రిలో కాంపౌండర్ని. అలాంటి కళ్లెం వాడకూడదని చట్టం ఉన్న సంగతి నాకు తెలుసు. వెంటనే దిగి, అక్కడ ట్రాఫిక్ చూస్తున్న కానిస్టేబుల్‌ను పిలిచాను.

గుర్రం యజమాని, గుర్రం ఆరోగ్యంగా ఉందన్న డాక్టర్ సర్టిఫికెట్ తీసి చూపించాడు. అందులో ఉన్నది గోధుమరంగు గుర్రం!

"కాగితమైతే ఉంది గదా. జర ఎక్కన్నా, ట్రాఫిక్ జామైతుంది," అన్నాడు కానిస్టేబుల్.

ఒళ్లు మండి, ఎక్కకుండా నడిచాను. పెళ్లికొడుకు అలిగాడన్న కబురు నాకంటే ముందే హాలుకు చేరింది. మామగారు పరుగెత్తుకొచ్చి, అందరి ముందూ చేతులు జోడించి, "ఏం తక్కువైందండీ అల్లుడుగారూ?" అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. గుర్రం కోసం దిగానంటే ఒక్కరూ నమ్మలేదు.

తాళి కట్టాక, అరుంధతిని చూపిస్తామని బయటికి తీసుకొచ్చారు. ఎదురుగా రోడ్డు మీద అదే గుర్రం. దానిమీద ఇంకో పెళ్లికొడుకు.

ఆ కానిస్టేబుల్‌ను ఇప్పటికీ తిట్టుకుంటాను. కానీ రోజూ పశువుల నోళ్లు తెరిచి మందు పోసే నేను, ఆరోజు గుర్రం దిగి ఊరుకున్నాను. ఆ కళ్లెం మాత్రం విప్పలేదు.