పదకొండు గొర్రెలు, ఒక కుక్క

1979 ఫిబ్రవరి 10, శనివారం. ఉదయం 6.50 పాసింజరు బందరులో ఎక్కాను. ఒళ్లో మా చెల్లెలు పంపిన, మూత బిగించిన తగరపు డబ్బా. మా చెల్లెలు సారమ్మ కోడలు సుగుణకు కిందటి నెల ఆపరేషన్ చేసి, కాలేయంలోంచి నారింజకాయంత నీటితిత్తి తీశారు. గొర్రెలున్న ఇళ్లలో వచ్చే జబ్బని డాక్టరుగారు అన్నారట. అప్పటినుంచి సుగుణ భర్త దేవదానం గొర్రెలన్నీ అమ్మేస్తానంటున్నాడు. డెబ్బై ఏడు ఉప్పెనకు ముందు నలభై ఉండేవి. మిగిలిన ఆరు ఇప్పుడు పదకొండయ్యాయి. వాళ్లకు వేరే ఆధారం లేదు. బేరగాడు ఆదివారం ఉదయం వస్తాడు. ఈలోగా గుడివాడ పశువుల డాక్టరుగారిని అడిగి, అవనిగడ్డ దగ్గర వాళ్ల ఊరు చేరాలి.

పెడన దాటాక ఎదుటి సీట్లో ఆవిడ డబ్బా చూసి, "ఉసిరికాయ పచ్చడాండీ?" అంది.

"గొర్రె పెంటికలమ్మా. పరీక్షకు."

ఆవిడ కిటికీ వైపు జరిగింది. కవుతరం వచ్చేసరికి మళ్లీ ఇటు జరిగి, "మా మేకలూ చిక్కిపోతున్నాయండీ. వాటివీ చూస్తారంటారా?" అని అడిగింది.

గుడివాడ 8.25. స్టేషన్ బయట ఇడ్లీ తిని, రిక్షాలో పశువుల ఆసుపత్రికి వెళ్లాను. డాక్టరుగారు కుర్రవాడే, ఓపిక ఉన్నవాడు. నన్నూ సూక్ష్మదర్శినిలో చూడనిచ్చారు. సగ్గుబియ్యం గింజల్లాంటివి ఏడు లెక్కపెట్టాను.

"ఇవి గొర్రె పేగుల్లోని పురుగుల గుడ్లు మామ్మగారూ. మందు తాగిస్తే పోతాయి. మీ కోడలికి వచ్చింది వీటివల్ల కాదు. ఇంట్లో కుక్క ఉందా?"

"ఉంది."

"దానికి ఏం పెడతారు?"

నాకు తెలియదు. ఆయన వివరంగా చెప్పారు. గొర్రె కార్జంలో, ఊపిరితిత్తుల్లో నీటితిత్తులుంటాయి. వాటిని కుక్క తింటే దాని పేగుల్లో సన్నని పురుగులు పెరుగుతాయి. వాటి గుడ్లు కుక్క మలంతో బయటపడి, ఆకుకూరల మీదుగా, నీళ్ల ద్వారా, కడగని చేతులతో మనిషి కడుపులోకి చేరతాయి. మేసే గొర్రెకూ అలాగే. గొర్రెలన్నీ అమ్మినా ఆ కుక్క వల్ల ప్రమాదం ఇంట్లోనే ఉంటుందన్నారు. రాసుకున్నది ఆయనకు చదివి వినిపించాను. ఒకచోట దిద్దారు: తిత్తులున్న ముక్కలను 'పూడ్చాలి' కాదు, 'కుక్క తవ్వలేనంత లోతుగా పూడ్చాలి'. గొర్రెలకు మందు, కుక్కకు మాత్రలు ఇచ్చారు.

అవనిగడ్డ బస్సు 11.10కి. ఎడమవైపు కూర్చుంటే ఎండ తగలదు. చల్లపల్లిలో భోజనానికి ఇరవై నిమిషాలు ఆపారు. పులిగడ్డ దగ్గర కృష్ణ దాటి, 2.35కి అవనిగడ్డ చేరాం. అక్కడినుంచి రిక్షా.

దిగగానే కుక్క మోతీ వచ్చి నా చెయ్యి నాకింది. సబ్బు అడిగి కడుక్కున్నాను.

"మోతీ అంటే అంత అసహ్యమా పెద్దమ్మా?" అన్నాడు దేవదానం.

"దీనికి ఏం పెడతారు?"

"పండక్కి గొర్రెను కోసినప్పుడు తిత్తులున్న కార్జం ముక్కలు. మనుషులు తినకూడదని ఏరి మరీ వేస్తాం. ఆ విషయంలో మేం జాగ్రత్తే."

నా పుస్తకం తీసి మొదటినుంచీ చదివాను. అతను అరుగు మీద కూర్చుండిపోయాడు.

"అంటే సుగుణకు నేనే తెచ్చిపెట్టానా పెద్దమ్మా?"

"తెలియక చేశావు. ఇక మానెయ్యి."

సారమ్మ వాతావరణం తేలికపరచాలని, "గొర్రెలకు మందు, కుక్కకు మాత్రలు. చెల్లెలికేం తెచ్చావే అక్కా?" అంది.

"రేపు కొనిస్తాను. నాలుగు సబ్బులు."

ఆదివారం ఏడింటికి బేరగాడు వచ్చాడు.

"ఇవ్వను మావయ్యా. మందు తాగించుకుని పెంచుకుంటాను" అన్నాడు దేవదానం.

"రాత్రికి రాత్రి మీ పెద్దమ్మ డాక్టరైందా ఏంటి?" అని నవ్వుకుంటూ అతను వెళ్లిపోయాడు. మోతీని కట్టేసి మాత్రలు మింగించాం. దొడ్డి వెనక దేవదానం గుంట తవ్వాడు. కొలిచాను, మూడున్నర అడుగులు. ఇంకో అరడుగు తవ్వించాను.

ఆ వేళ ఆరాధన తప్పింది. 9.40 బస్సులో బయల్దేరాను. చల్లపల్లిలో బస్సు పది నిమిషాలు ఆగింది. రోడ్డు పక్క మాంసం కొట్టులో, తిత్తులున్న ముక్కొకటి కోసి కుక్కల ముందుకు విసిరేస్తున్నారు. దిగి వెళ్లాను.

"ఇన్నేళ్లుగా వేస్తున్నాం మామ్మగారూ, కుక్కలు బాగానే ఉన్నాయిగా" అన్నాడు కొట్టతను.

"కుక్కలు బాగానే ఉంటాయి నాయనా. మనుషులకే బాగుండదు." మిగతాదంతా చెప్పాను. బేరానికి నిలబడ్డ నలుగురూ విన్నారు.

కండక్టరు విజిలేశాడు. బస్సెక్కి కిటికీలోంచి చూశాను. కొట్టతను అలాంటి మరో ముక్క కోసి, చెయ్యెత్తి, ఒక్క క్షణం ఆగి, పక్కనున్న బకెట్టులో వేశాడు. నేను చూస్తున్నానని వేశాడేమో తెలియదు. ఒకావిడ మాత్రం, "ఆ బకెట్టు ఎక్కడ పారబోస్తావు?" అని అతన్ని అడుగుతోంది.