లక్కబొట్టు లేని రేడియో

మొన్న ఆదివారం మా కోడలు నా పాత ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంది. ఏది నొక్కినా అది గంటసేపు ఆలోచిస్తోందని, కంపెనీ నుంచి వచ్చిన నాటి స్థితికి తెచ్చేస్తే మళ్ళీ పరుగెత్తుతుందని ఆ పిల్ల ఉద్దేశం. అన్నీ సిద్ధం చేశాక తెర మీద ఒక ప్రశ్న వచ్చింది, ఇందులో మీరు పెట్టుకున్నవన్నీ పోతాయి, కానివ్వమంటారా అని. ఒక యంత్రం ఇంత మర్యాదగా అడగడం చూసి నాకు నవ్వొచ్చింది. వెంటనే మా బాపు గుర్తొచ్చి ఆ నవ్వు కాస్తా ఆగిపోయింది. జర ఆగమ్మా, చాయ్ తాగి చెప్తానని లేచాను.

డెబ్బైల చివర్లో మేము కాజీపేట రైల్వే క్వార్టర్‌లో ఉండేవాళ్ళం. బాపు, అంటే మా నాన్న, రైల్వేలో గుమాస్తా. ఆయన తల్లి, మా నాయనమ్మ, అంతకుముందు వరంగల్ బజారులో గాజుల దుకాణం నడిపిన మనిషి. ఎవరి చెయ్యి అయినా ఒకసారి పట్టుకుందంటే కొలత చెప్పేసేది. కళ్ళకు పొరలు కమ్మి, దవాఖానలో ఆపరేషన్ చేసినా చూపు నిలవక, దుకాణం మూసి మా దగ్గరికి వచ్చేసింది. అప్పట్నుంచి మంచినీళ్ళకూ, చెప్పులకూ, గడప దాటడానికీ ఎవరో ఒకరిని పిలవాల్సిందే. పిలవడమంటే ఆమెకు మహా చిరాకు. అందుకని ముందు మమ్మల్ని ఒక తిట్టు తిట్టి, తర్వాత పని చెప్పేది.

ఎవరినీ పిలవకుండా ఆమె చేసుకునే పని ఒక్కటే, రేడియో పెట్టడం. దుకాణం బాగా నడిచే రోజుల్లో ఆమే కొన్న పెద్ద చెక్కపెట్టె రేడియో అది. చూపు పోయాక, గాజులకు రాళ్ళు అతికించే లక్కను కరిగించి, స్టేషన్లు తిప్పే నాబ్ అంచున ఒక బొట్టు పెట్టుకుంది. నాబ్‌ను ఎడమవైపు ఆగేదాకా తిప్పి, మెల్లగా వెనక్కి తెస్తూ, ఆ బొట్టు రెండోసారి బొటనవేలి కిందికి రాగానే ఆపితే హైదరాబాద్ స్టేషన్. పొద్దున్నే మేమంతా ముసుగుతన్ని పడుకుని ఉండగా ఆమె వేలు పని చేసేది, పాట మొదలయ్యేది, ఇల్లు లేచేది. భక్తి పాటలకు అమ్మ పొయ్యి వెలిగించాలి, వార్తలకు బాపు స్నానం కావాలి, అవి అయ్యేలోపు మా జడలు పూర్తి కావాలి. ఇంటి పెత్తనం తనదని బాపు అనుకునేవాడు, తనదని అమ్మ అనుకునేది. నడిపించేది మాత్రం నాయనమ్మే.

ఒక వానాకాలం రేడియో గరగరలాడటం మొదలుపెట్టింది. నాయనమ్మ దాని చెంప మీద రెండు దెబ్బలు వేసి సర్దుకుంటూనే ఉంది గానీ బాపుకు మనసాగలేదు. తల్లికి మిగిలిన ఆ ఒక్క సరదా పాడైపోకూడదని, సెలవు పెట్టి, రిక్షాలో ఆ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని హనుమకొండ తీసుకెళ్ళాడు. కొన్ననాడు ఎట్లుందో అట్ల చేసి ఇవ్వమని మెకానిక్‌కు చెప్పి వచ్చాడు. ఆ మెకానిక్ మాట మీద నిలబడే మనిషి. లోపలి సామాను మార్చాడు, చెక్కకు పాలిష్ పెట్టాడు, జిడ్డు పట్టిన నాబ్‌లు తీసేసి నున్నటి కొత్తవి బిగించాడు. వారం తర్వాత బాపు దాన్ని కొత్త పెళ్ళికూతురిని తెచ్చినట్టు తెచ్చి, నాయనమ్మ మంచం పక్క బల్ల మీద పెట్టాడు. అమ్మ మురిసిపోయింది. మేము ఆ మెరుపులో మా ముఖాలు చూసుకున్నాం.

నాయనమ్మ చెయ్యి చాపింది. నాబ్ ఎడమకు తిప్పింది, వెనక్కి తెచ్చింది, ఏ స్టేషనూ రాని చోట ఆగి మళ్ళీ మొదటికి వెళ్ళింది. బొటనవేలు ఆ నున్నటి అంచు మీద తిరుగుతూనే ఉంది. చివరికి చెయ్యి ఒళ్ళోకి తీసుకుని నిదానంగా అడిగింది.

"మంచిగున్నది కొడుకా. ఎవలిది?"

అప్పటి బాపు ముఖం నేనింతవరకూ మరిచిపోలేదు. మర్నాడే లక్క తెచ్చి, తనే కరిగించి, వేలు కాల్చుకుని మరీ కొత్త నాబ్‌కు బొట్టు పెట్టాడు. కానీ లోపల స్టేషన్ ముల్లును లాగే తాడు మార్చడంతో పాత లెక్క కుదరలేదు. కొత్త లెక్క నేర్పబోతే నాయనమ్మ "నువ్వే పెట్టు బిడ్డా" అని గోడవైపు తిరిగింది. నేర్చుకోలేకపోయిందో, నేర్చుకోనని పంతం పట్టిందో ఇప్పటికీ నాకు తెలియదు. ఆనాటి నుంచి బాపు అందరికంటే ముందు లేచి రేడియో పెట్టేవాడు. ఆయన ఊరెళ్ళిన రోజు మమ్మల్ని పిలుస్తుందేమోనని చూశాం, పిలవలేదు. ఇల్లు ఆలస్యంగా లేచింది. ఆమె తిట్లు తగ్గడం మాకు మొదట్లో హాయిగానే ఉండేది. తర్వాత్తర్వాత భయమేసింది, బాధేసింది.

ఒక పొద్దున స్టేషన్ కలిపి బాపు అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. ఆమె కాళ్ళ మీద చెయ్యి వేసి, "తప్పయింది అవ్వా. నిన్నొక్క మాట అడగకపోతి" అన్నాడు. నాయనమ్మ పాట అయ్యేదాకా వింది. తర్వాత ఆయన తల తడిమి, "దాన్ని కొత్తగ చేపిస్తివి గద కొడుకా. నన్ను గూడ ఆ మెకానిక్‌కు చూపియ్యరాదూ?" అంది. నవ్వించడానికే అంది. బాపు మాత్రం తల ఎత్తలేదు.

కొన్ననాటికి రేడియో ఒక్కటే తిరిగి వెళ్ళగలిగింది. కొన్ననాడు నాయనమ్మకు కళ్ళు బాగానే కనిపించేవి.