మొటిమల కోసం ప్రార్థన

ఆ ఆదివారం తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. నేనప్పుడు డిగ్రీ చదువుతున్నాను. మర్నాడు రాజమండ్రిలో చర్మం డాక్టరుకి మొటిమలు చూపించుకోవాలి. ఎవరికీ చెప్పొద్దని అమ్మకి మరీ మరీ చెప్పాను. అపాయింట్‌మెంట్ ఇచ్చినవాళ్లు పౌడరు రాసుకోవద్దన్నారని, ఉత్త మొహంతోనే చర్చికెళ్లి, చున్నీ కప్పుకొని వెనక వరసలో కూర్చున్నాను.

పాస్టరు గారు ప్రార్థన మనవులు చెప్పమనగానే అమ్మ లేచింది.

"మా అమ్మాయి మొటిమల కోసం ప్రార్థన చెయ్యండి అయ్యగారూ. అద్దం ముందు నిలబడి ఒకటే ఏడుపండి!"

చర్చి మొత్తం వెనక్కి తిరిగి నా మొహం చూసింది.

చున్నీ తీసేసి నేనూ లేచాను. "మా అమ్మ నోటి కోసం కూడా చెయ్యండి అయ్యగారూ!"

పాపం, ఆయన రెండూ కలిపే ప్రార్థించారు. "ఆమెన్" అన్న అందరిలోకీ నాన్న గొంతే గట్టిగా వినిపించింది.