గడ్డికి నీళ్లొదిలిన మోటారక్క

క్వారీలో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. గోతిలో చేరిన నీళ్లను బయటికి తోడే మోటార్లన్నీ ఆమె చేతిలో ఉంటాయి కాబట్టి మోటారక్క. లారీలు ఆగినా ఎవరికీ ఏమీ కాదు గానీ, వానాకాలంలో ఆమె మోటారు ఆగిందంటే మేనేజరుతో సహా అందరూ ఈత నేర్చుకోవాల్సిందే. ఈ సంగతి ఆమెకు బాగా తెలుసు. అందరికీ రోజుకోసారైనా గుర్తుచేస్తుంది.

రాయి అయిపోయిన పాత గోతిని మట్టితో పూడ్చి, చుట్టూ గట్టు పోశారు. ఆ పూడ్చిన నేల మీద గడ్డీ మొక్కలూ పెంచే పని కూడా ఆమె నెత్తినే పడింది. ఆ నేలలో ఏదైనా మొలిపించడమంటే బోడిగుండుకు జడ వేయడమే. మొదట వేసిన విత్తనాలు పిట్టలు తిన్నాయి, తర్వాత వేసినవి మేకలు తిన్నాయి, మేకలాయన ఆమె చేత తిట్లు తిన్నాడు. తల ప్రాణం తోకకొచ్చాక ఎలాగో కాస్త పచ్చబడింది.

అయితే మోటారక్క అసలు బెంగ గడ్డి కాదు, పెద్దాడపడుచు. క్వారీ కింది వీధిలో ఆవిడ ఒక్కతే ఉంటుంది. మోటార్లు తోడిన నీళ్లు పోయే క్వారీ కాలువ ఆ ఇంటి వెనకనుంచే పోతుంది. జోరువాన పడితే అది పొంగి, రాతిపొడి కలిసిన తెల్లనీళ్లు ఏటా ఆవిడ వంటింట్లోకి వస్తాయి. కిందటేడు ఆవిడ తడిసిన మంచం మీద కూర్చుని తమ్ముడికి తేల్చి చెప్పేసింది.

"ఈసారి గనక నీళ్లొచ్చాయంటే పెట్టె సర్దుకుని మీ ఇంటికొచ్చేస్తాన్రా. ఇక చచ్చేదాకా అక్కడే."

మోటారక్క ఇంట్లో ఉన్నవి రెండు గదులు. ఒకదాంట్లో మొగుడి గురక, ఇంకోదాంట్లో ఆ గురక తప్పించుకున్న తను. పెద్దాడపడుచేమో గిన్నె మూత తీస్తూనే తప్పు పట్టగల మనిషి. ఆవిడ వచ్చి మకాం వేస్తే తన బతుకు తెల్లారినట్టేనని మోటారక్క హడలిపోయింది. ఎండాకాలమంతా దగ్గరుండి కాలువలో పూడిక తీయించింది, తనూ దిగి తట్టలు మోసింది.

ఆ ఏడు మొదటివానే దంచి కొట్టింది. మధ్యాహ్నానికి గోతిలో రాయి తవ్వే యంత్రం చక్రాలు మునిగాయి, కాలువ అంచుదాకా నిండింది. మోటార్లు ఆపితే యంత్రం మునుగుతుంది, నడిపితే ఆడపడుచు వంటిల్లు మునుగుతుంది. మోటారక్క మేనేజరుకు ఫోన్ చేసి యంత్రం సంగతి చెప్పి, వానకి గడ్డి కొట్టుకుపోతోంది, పట్టాలు కప్పించమంటారా అని కూడా అడిగింది.

"మనుషులెక్కడున్నారమ్మా? ఆ గడ్డికి నీళ్లొదులుకో. ముందు యంత్రం సంగతి చూడు," అన్నాడాయన.

గడ్డి మీద ఆశ వదిలేసుకోమని ఆయన ఉద్దేశం. మోటారు రొదలో ఆమె చెవినపడింది మాత్రం 'నీళ్లొదులు' వరకే. ఇన్నాళ్లకి ఈ మనిషికి బుర్ర పనిచేసిందని మోటారక్క మురిసిపోయింది. గొట్టాన్ని కాలువలోంచి లాగి, గట్టు దాటించి, గడ్డి మీదికి తిప్పింది. కాలువ తగ్గింది, యంత్రం చక్రాలు బయటపడ్డాయి, సాయంత్రానికి వాన కూడా వెలిసింది.

మేనేజరు వచ్చి చూస్తే గడ్డి లేదు. గట్టు లోపలంతా తెల్లటి బురద.

"ఏంటమ్మా ఇది?"

"మీరేగా సార్, గడ్డికి నీళ్లొదలమన్నారు."

"వదులుకోమన్నానమ్మా తల్లీ, వదలమన్లేదు."

"ఆ 'కో' ఏదో కాస్త గట్టిగా అనుంటే బాగుండేది కద సార్."

ఆయన బురదంతా గీకి మళ్లీ మొదట్నుంచీ నాటమని చెప్పి వెళ్లిపోయాడు. పెంచిన గడ్డి అలా పోయినందుకు మోటారక్క వానను కాసేపు తిట్టుకుంది. అయినా ఆడపడుచు వంటిల్లు పొడిగా ఉంటుంది కదా అనుకుని, హుషారుగానే ఇంటికి నడిచింది.

గుమ్మంలో పెట్టె ఉంది. పెట్టె పక్కన పెద్దాడపడుచు ఉంది.

"నీళ్లొచ్చాయా వదినా?" మోటారక్క వాకిట్లోనే ఆగిపోయి అడిగింది.

"చుక్క రాలేదే," అంది ఆవిడ మొహం వేలాడేసుకుని. "మబ్బు చూసి పెట్టె కూడా సర్దుకున్నా. పొద్దుట్నుంచీ వెనక తలుపు దగ్గర పీటేసుకుని కూర్చున్నా, ఇప్పుడొస్తాయి, ఇప్పుడొస్తాయని. ఆ పాడు నీళ్లకేం మాయరోగమొచ్చిందో."

"మరి పెట్టె..."

"ఏటా నీళ్లొచ్చాయంటే మీరిద్దరూ చీపుళ్లు పట్టుకుని వచ్చేవాళ్లు. ఆ ఒకట్రెండు రోజులన్నా ఇంట్లో మనుషుల మాట వినపడేది. ఈసారి అదీ లేదాయె." ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "సాకు లేకుండా ఎలా రానా అని చాలాసేపు ఆలోచించా. ఇంక ఉండలేక వచ్చేశా."

మోటారక్కకు సిగ్గేసింది. ఎండాకాలమంతా ఆ ఇంటి వెనక కాలువలోనే ఉండి, ఒక్కనాడూ ముందువైపుకి వెళ్లి వదినా అని పిలవలేదు. పెట్టె అందుకుని లోపల పెట్టింది, గురక లేని గదిలో.

వెనకే వచ్చిన ఆవిడ పొద్దున వండిన కూర గిన్నె మూత తీసి తొంగి చూసింది.

"ఉప్పు తక్కువేశావు కదూ."

మోటారక్క తన మనశ్శాంతికి నీళ్లొదులుకుంది. ఈసారి 'కో' స్పష్టంగానే వినపడింది.