సిస్టరమ్మ సూపు, మా పిరికితనం

సిస్టరమ్మ చనిపోయిందన్న వార్త మా వాకింగు స్నేహితురాళ్ల వాట్సాప్ గ్రూపులో తెలిసింది. దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. ‘ఆమె ప్రేమతో తెచ్చిచ్చిన సూపును ఈ జన్మలో మరిచిపోలేం’ అని బ్యాంకులో పనిచేసి రిటైరైన ఆమె రాసింది. చదివి ఒళ్లు మండింది. ఆ సూపును ఆమె ఒకసారి ఎంత సులభంగా మరిచిపోయిందో నాకు తెలుసు. నేనేమీ తక్కువ తినలేదు కాబట్టి, నా మీదా అంతే మండింది.

జమ్మలమడుగులో మా వీధి చివరిల్లు సిస్టరమ్మది. ముప్పై ఏళ్లు నర్సుగా చేసింది. రిటైరయ్యాక వారానికి రెండుసార్లు పెద్ద గిన్నెడు సూపు కాచి, స్టీలు క్యారియర్లలో పోసి, మా నలుగురి ఇళ్లకూ తనే తెచ్చిచ్చేది. బుధవారం మునగాకుదో టమేటాదో. శనివారం మేక కాళ్లది. మిరియాలు అప్పటికప్పుడు దంచి వేసేది. ప్రొద్దుటూరులో ఒక పెళ్లి విందులో కప్పుల్లో పోసిచ్చిన చిక్కటి సూపును ఒక్క గుక్క తాగి, కప్పు కింద పెట్టి, ‘‘చీరలకు పెట్టే గంజి గదమ్మా ఇది’’ అంది, వడ్డించేవాళ్లకు వినపడేలాగే. చెడ్డ వంటను మెచ్చుకోవడం ఆమెకు చేతకాదు.

వీధి వెనక గొర్రెలు మేపుకునే ఒక కుటుంబం ఉంది. ఆ ఇంటామె పుట్టిల్లు పులివెందుల పక్క. ఆమెకు టీబీ అని తేలింది. ఆ వారం నుంచే సిస్టరమ్మ ఆ ఇంటికీ సూపు తీసుకుపోవడం మొదలుపెట్టింది. అది మావాళ్లు చూశారు.

‘‘ఆ ఇంటికి పోయిన చేతుల్తోనే మనకూ తెస్తాంది, చూసినావా?’’ అంది బ్యాంకామె. మరునాటి నుంచి ఆమెకు ఉపవాసాలు మొదలయ్యాయి. ఇంకొకామెకు ఉన్నట్టుండి ఉప్పు పడకుండా పోయింది. మూడో ఆమె తలుపే తీయలేదు. వీళ్లు కనీసం సూపు తీసుకోలేదు. నేను నవ్వుతూ క్యారియర్ అందుకుని, ఆమె గేటు దాటగానే పెరటి కాలవలో పారబోసేదాన్ని.

మూడో వారం క్యారియర్ కోసం ఆమె పెరటివైపు నుంచి వచ్చింది. కాలవ గట్టున క్యారెట్టు ముక్కలు, బొమికెలు. నిలబడి చూసింది.

‘‘పారబోసినావా?’’

నేను ఖాళీ క్యారియర్ తెచ్చి ఆమె చేతికిచ్చాను.

‘‘గిన్నెలో పోసిన సూపుతో టీబీ రాదని నీకు తెల్దా? ఎనిమిదో తరగతికి సైన్సు చెప్తాండావు గదా.’’

‘‘తెలుసు సిస్టరమ్మా.’’

‘‘తెలిసీ పోసినావంటే నీకు భయం టీబీ అంటే కాదు. ఆ మనుషులంటే నీకు రోత.’’ క్యారియర్ మూత పెడుతూ అంది: ‘‘వద్దంటే మొగం మీదే వద్దని చెప్పు. ఆ బొమికెలు ఉడికేదానికి మూడు గంటలు పడ్తాది.’’

ఆ తర్వాత మా ఇళ్లకు సూపు రాలేదు. ఆరునెలలు మొత్తం గొర్రెలామె ఇంటికే పోయింది. మాత్రలు మింగిందా లేదా అని రోజూ అడిగేది కూడా సిస్టరమ్మే. గొర్రెలామెకు నయమై మళ్లీ మంద వెంట పోవడం కనబడగానే మావాళ్లకు ఉపవాసాలు తీరిపోయాయి. ‘‘ఏంది సిస్టరమ్మా, ఈ మధ్య సూపే లేదు?’’ అని సిగ్గులేకుండా అడిగారు. ఆమె మళ్లీ కాచి ఇచ్చింది! నాకు మాత్రం ఇంటికి పంపలేదు.

‘‘నీకు తెచ్చియ్యను. నువ్వే రా. నా ముందర కూర్చోని తాగు’’ అంది.

శనివారం పోయాను. వంటింట్లో గొర్రెలామె ముందే కూర్చుని ఉంది. సిస్టరమ్మ ఆమె పక్కనే నాకు పీట వేసింది. తలెత్తకుండా తాగాను. ‘‘మెల్లగ తాగు టీచరమ్మా, నోరు కాల్తాది’’ అంది గొర్రెలామె. అంత మర్యాద నాకు ఎవరూ చేయకుండా ఉంటే బాగుండునని అనిపించింది. ఆ శనివారాలు రెండేళ్లు సాగాయి.

‘‘ఆ ముగ్గురికీ ఎందుకు మళ్లీ ఇస్తాండావు?’’ అని ఒకసారి అడిగాను.

‘‘గుణం చూసి వండేదైతే నీకు మాత్రం ఎందుకు పోయాల?’’ అంది, గరిటె నా గిన్నెలో వంచుతూ.

మొన్న సమాధి దగ్గర బ్యాంకామె కళ్లొత్తుకుంటూ సూపు గురించే చెప్పింది, ఏ మసాలా వేసేదో కూడా. గొర్రెలామె మంద వదిలి ఆలస్యంగా వచ్చి వాళ్ల పక్కన నిలబడితే, ముగ్గురూ చీర కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకుని జరిగారు. పిడికెడు మన్ను విసిరి, ప్రొద్దుటూరులో భోజనం చేద్దామని కారెక్కిపోయారు.

తవ్వినవాళ్లు గడ్డలు గడ్డలుగా పోసి పోయిన మన్నును గొర్రెలామె మోకాళ్ల మీద కూర్చుని అరచేతులతో చదును చేస్తూ ఉంది. నేనూ కూర్చున్నాను. ఎండలో చాలాసేపు ఇద్దరమూ ఆ గడ్డలు చిదిపాం. లేచేసరికి మోచేతుల దాకా నల్లమన్ను. గేటు దగ్గర కొళాయి ఉంది. ఆమె దాని ముందు ఆగి, నావైపు చూసి, చేతులు కడుక్కోకుండానే నడిచింది. నేనూ ఆ మన్ను చేతులతోనే ఆమె వెనకే నడిచాను.